ఆ రోజు ఏడ్చింది ఎవరు

న్యూ ఎల్మ్‌స్టోక్, బే కాలనీ
మూడో నెల 6, 1638

అక్కా,

ప్రభువు దయవల్ల మేం ముగ్గురం బతికి ఉన్నాం. ముగ్గురెవరా అని నువ్వు అక్కడే ఆగిపోతావు కాబట్టి ఆ సంగతే ముందు చెప్తున్నాను. నాకు కూతురు పుట్టింది. పదో నెల పన్నెండున, గుమ్మం ముందు మంచు మోకాటి లోతు పడి ఉండగా పుట్టింది. హోప్‌స్టిల్ అని పేరు అనుకున్నాం.

పైన తేదీ చూసి కంగారుపడకు. సముద్రం ఇవతల మేం నెలల పాత పేర్లు మానేశాం. అవన్నీ రోమా వాళ్ళ దేవతల పేర్లు, రాజుల పేర్లు. ప్రభువు జనం ఆ పేర్లు నోట పలకడమెందుకని మా సంఘ కాపరి అన్నాడు. అందుకని అంకెలు వేసుకుంటున్నాం.

నిరుడు మార్చిలో మా పెళ్ళయిందని రాసినప్పుడు, సైలెన్స్ గురించి రెండే ముక్కలు రాశానని కోప్పడ్డావు. ఇదిగో మూడో ముక్క. మౌనమని పేరు పెట్టిన మామగారు ఆమెకు మాటలు రాకముందే పోయి ఉంటాడు. నేను పీపాలకు పట్టీలు బిగిస్తూ సుత్తితో ఎంత మోత చేసినా పక్కింటికి వినబడేది ఆమె గొంతే. మంచి మనిషి. నన్ను బాగా చూసుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ సంఘంలో చేరినవాళ్ళ బిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు. చేరడానికి అక్కడిలా ఊళ్ళో పుట్టడం చాలదు. సంఘమంతా కూర్చుని ఉండగా లేచి నిలబడి, దేవుడు నన్ను ఎప్పుడు పిలిచాడో, నా గుండెలో కృప ఎలా పనిచేసిందో నోటితో చెప్పాలి. వాళ్ళు ప్రశ్నలు వేస్తారు. తృప్తి కలిగితే చేతులెత్తుతారు. తల్లిదండ్రుల్లో ఒకరు చేరితే చాలు. ఇంటి పెద్దను నేను కాబట్టి నేనే ముందు అన్నాను. పాపకు ఛాతీలో దగ్గు పట్టుకుంది, పోవడం లేదు. బాప్తిస్మం లేని బిడ్డ నరకానికి పోతుందనేది పోపు మనుషుల మాట, నేను నమ్మను. అయినా అందరి పిల్లలూ ఇంట్లో ఉండగా నా పిల్లను వానలో నిలబెట్టినట్టుంది నాకు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, నీకు పద్దెనిమిది, ఏడు మైళ్ళు నడిచి ప్రసంగానికి వెళ్ళాం గుర్తుందా? బిషప్పు నోరు కట్టేసిన ఆ ముసలాయన, ఎవరిదో ధాన్యపు కొట్టులో నిలబడి, మూసిన తలుపు గురించి చెప్పాడు. తిరిగి వస్తుంటే ఏడుపు ఆగలేదు. నా చేతులు తడిసిపోవడం నిన్నో మొన్నో జరిగినట్టుంది. నా పిలుపు ఆ రోజే మొదలైందని ఇరవయ్యేళ్ళుగా నమ్ముతున్నాను. అదే చెప్పబోతున్నాను. "చూసినవాళ్ళున్నారా?" అని సంఘ పెద్ద ఓల్డ్‌ఫీల్డ్ గారు అడిగారు. చూసింది నువ్వొక్కదానివే. చూసింది చూసినట్టు రాసి, సంతకం పెట్టి పంపు. నాన్న అనేవాడు కదా, గుడి కిటికీలో రంగుటద్దం అందంగానే ఉంటుంది గానీ దాంట్లోంచి బయట ఏముందో కనబడదని, మన రాత మామూలు అద్దంలా ఉండాలని. అలా రాయి.

బావకు నా వందనాలు.

నీ తమ్ముడు
జాబెజ్ థర్లో


ఎల్మ్‌స్టోక్, సఫోక్
ఆగస్టు 20, 1638
(ఇది ఏ రోమా రాజు నెలో నాకు తెలియదు. నాకు వచ్చింది ఇదే.)

ఒరేయ్ జాబెజ్,

మేనత్తనయ్యానా! ఉత్తరం చదివి మీ బావను పొలం నుంచి కేకేసి పిలిచాను. ఇల్లు తగలబడిందనుకుని బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు పాపం.

కానీ నాయనా, ఆ సంబరం కాస్త తగ్గాక వేళ్ళు మడిచి చూసుకున్నాను. పెళ్ళి మార్చిలో. బిడ్డ పదో నెలలో. పదో నెలంటే అక్టోబరు. ఏడే నెలలు! అయినా అక్టోబరుకే మోకాటి లోతు మంచేమిటి, అదేం దేశం? నిజంగా ఏడు నెలల బిడ్డే బతికి బట్టకట్టిందంటే అది దేవుడి దయ. నెలలు నిండిన బిడ్డయితే మాత్రం నువ్వు ముందు ప్రభువు కాళ్ళ మీద పడు, ఆ తర్వాత ఆ పిల్ల కాళ్ళ మీద పడు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. మన పెద్దమ్మ కూతురు థామసిన్‌తో తప్ప. అది ఎవరితోనూ అనదు.

ఇక్కడ గుడికి కొత్త పాదిరి వచ్చాడు. ప్రభువు బల్లను తూర్పు గోడకు జరిపించి, చుట్టూ కటకటాలు కట్టించి, అందరూ అక్కడికొచ్చి మోకరించాలంటాడు. మీ బావ మోకరించలేదు. ఆయన పేరు పెట్టి, నేథన్ గారడ్ బిషప్పు కోర్టుకు రావాలని కబురొచ్చింది. మీ బావ అప్పటినుంచీ ఓడ మాటే మాట్లాడుతున్నాడు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. అక్కడికొస్తే నేను కూడా అలా నిలబడి చెప్పాలా? ఆడవాళ్ళను కూడా అడుగుతారా? మిగతావి మరిచిపోయినా ఇది మరిచిపోకుండా రాయి.

ఇక నీ సాక్ష్యం. చూసింది చూసినట్టు కదా, ఇదిగో. ఆ రోజు నువ్వు ఏడ్చిన మాట నిజం. కొత్త బూట్లు కరిచి ఏడ్చావు. పోయేటప్పుడే మొదలుపెట్టావు, ముసలాయన నోరు తెరవకముందే. ప్రసంగంలో సగం నా ఒళ్ళో నిద్రపోయావు. తిరిగొచ్చేటప్పుడు రెండు మైళ్ళు నిన్ను వీపున మోశాను. పన్నెండేళ్ళ దున్నపోతువి, నా నడుము ఇప్పటికీ చెప్తుంది. నీ గుండెలో ఏం జరిగిందో నాకు కనబడలేదు కాబట్టి రాయడం లేదు. చూసినదానికి సాక్షి, దమారిస్ గారడ్.

నవ్వుకుంటావని రాశానులే. దీంతో పని జరగకపోతే ఇంకో రోజు వెతుక్కో. చిన్నప్పటి నీ ఏడుపులకు కొదవా!

పాప దగ్గుకు తేనెలో ఉల్లిరసం పట్టించు. సైలెన్స్‌ను అడిగానని చెప్పు, ఏడు నెలల మాట మాత్రం చెప్పకు.

నీ అక్క
దమారిస్


న్యూ ఎల్మ్‌స్టోక్
తొమ్మిదో నెల 28, 1638

అక్కా,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు పనిముట్టు పట్టుకోలేదు.

ముందు నెలల సంగతి తేల్చేస్తాను. మొదటి నెలంటే మార్చి. ఏడాది మారేది అక్కడైనా ఇక్కడైనా మార్చిలోనే కదా! నువ్వు పంచాంగం చూసి జనవరి నుంచి లెక్కపెట్టావు. పదో నెలంటే డిసెంబరు. నిండు తొమ్మిది నెలల బిడ్డ అక్కా! ఆ ముక్క సైలెన్స్‌కు చదివి వినిపించడం నా బుద్ధితక్కువ. "మీ అక్కకు వేళ్ళు ఎన్ని?" అని ఇప్పటికీ రోజూ అడుగుతోంది. నువ్వు వెంటనే వెళ్ళి థామసిన్‌కు చెప్పు.

ఇక బూట్ల సంగతి. నవ్వుకుంటానని రాశావు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజును నమ్ముకునే కదా సముద్రం దాటాను. పిలుపు అందినవాణ్ణని ధైర్యంగా ఓడెక్కాను. ఇప్పుడు అది బూటు కరిచిన ఏడుపని తేలితే నేనెవర్ని? ఇక్కడెందుకున్నాను? వేరే రోజు వెతుక్కోమన్నావు. వెతికాను. ఓడలో తుఫాను వచ్చినప్పుడు అందరూ ప్రార్థన చేస్తున్నారు, నేను ఒక పీపాను కౌగిలించుకుని కూర్చున్నాను. నాన్న పోయినప్పుడు ఏడవలేదు. ఇంకే రోజూ దొరకలేదు.

సైలెన్స్ అంది కదా, "దేవుడు బిలాము ప్రవక్తతో గాడిద నోట మాట్లాడాడు. నీతో బూటు నోట మాట్లాడలేడా?" ఆ మాట రెండు రోజులు ఊరటగానే ఉంది. తర్వాత, ఊరటగా ఉంది కాబట్టే అది సైతాను మాటేమో అనిపించింది. ఓల్డ్‌ఫీల్డ్ గారి దగ్గరికి వెళ్ళి నాకు అనుమానంగా ఉందని చెప్పాను. "అనుమానం మంచి గుర్తే. నిశ్చింతగా ఉన్నవాణ్ణి చూస్తేనే మాకు భయం" అన్నారు. ఆ మాటకు సంతోషం వేసింది. సంతోషించానంటే నాది నిజమైన అనుమానం కాదేమో. ఇప్పుడు నా అనుమానం మీదే నాకు అనుమానం. నన్ను చూసి నవ్వకు.

నీ మీద కోపంగా కూడా ఉంది. ఆ రోజు గురించి నేను నీ దగ్గర ఎన్నిసార్లు చెప్పుకోలేదు! ఒక్కసారైనా "ఒరేయ్, అది బూట్లురా" అని అనలేకపోయావా? ఇన్నేళ్ళూ తలాడించి, తీరా నా బిడ్డ బాప్తిస్మం దగ్గర అంటావా?

ఆడవాళ్ళను కూడా అడుగుతారు. సిగ్గుపడేవాళ్ళు సంఘ పెద్దకు విడిగా చెప్తే ఆయన రాసుకుని చదువుతాడు. నువ్వు ఎందుకడిగావో అర్థమైంది. నీకు ఇక్కడికి రావడం ఇష్టం లేదు. అదేదో నేరుగా రాస్తే పోయేది.

పాపకు దగ్గు ఇంకా తగ్గలేదు. సంఘం ముందు ఎప్పుడు నిలబడతానో నాకే తెలియదు.

జాబెజ్


ఎల్మ్‌స్టోక్
డిసెంబరు 12, 1638

జాబెజ్, నాయనా,

నీ దగ్గర్నుంచి ముక్క లేదు. ఉత్తరం లేకపోయినా వార్త వచ్చింది, ఆ వార్త నన్ను తిండి తిననివ్వడం లేదు. శనివారం సంతలో ఉన్ని అమ్మే ముసలమ్మ చెప్పింది. బే నుంచి వచ్చిన కబురట. అక్కడ థర్లో అనే పీపాలవాణ్ణి సంఘంలో చేర్చుకోలేదట. పెళ్ళయిన ఏడు నెలలకే బిడ్డ పుట్టిందట. ఊరు ఊరంతా వెలివేసిందట. నేను సంతలోనే కూలబడ్డాను.

నేను అనుకున్నదే నిజమైంది. పైగా నా బూట్ల ఉత్తరం దానికి తోడై ఉంటుంది. వాళ్ళ ముందు అది పెట్టి ఉంటావు, వాళ్ళు నవ్వి ఉంటారు. నోరా వీపుకు చేటు తేకే అని మన అమ్మ ఊరికే అనేది కాదు. నా ఎగతాళికి ఆ పసిగుడ్డు బాప్తిస్మం పోయింది.

అందుకే ఇంకో సాక్ష్యం రాశాను. ఇందులో పెడుతున్నాను. ఇది చూపించు, అది చించి పారెయ్.

"ఆ పరిశుద్ధ దినమున దైవజనుని వాక్కులు ఆలకించినంతనే నా సోదరుడు జాబెజ్ హృదయము మైనమువలె కరిగి, కన్నులు రెండు జలధారలై, తన పాపభారమును తలంచి తలంచి విలపించెను. దారి పొడవునను ఆ కన్నీరు ధరణిని తడిపెను. చూచినవారి హృదయములు ద్రవించెను. ఇందుకు నేనే ప్రత్యక్ష సాక్షిని. దమారిస్ గారడ్."

నాన్న ఉంటే ఈ రాత చూసి నా చెయ్యి విరగ్గొట్టేవాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను మరి. నీకు పనికొస్తే చాలు.

ఊళ్ళో వాళ్ళందరూ క్రిస్మసుకు పిండివంటలు చేసుకుంటున్నారు. పండగలు చెయ్యనివాళ్ళం కాబట్టి మా ఇంట్లో రోజూ తినే రొట్టే. ఈసారి పండగ చేసే మనసు కూడా లేదు. ఇప్స్‌విచ్‌లో ఒక ఓడ కెప్టెనుకు ఇస్తున్నాను, వసంతానికి బయల్దేరుతాడట. ఈలోగా ఎన్నిసార్లు వెనక్కి అడగాలనిపిస్తుందో.

పాపను ముద్దుపెట్టుకోమని సైలెన్స్‌తో చెప్పు. ఏడు నెలలైతే ఏమిటి, మన పిల్లే.

అక్క


న్యూ ఎల్మ్‌స్టోక్
నాలుగో నెల 20, 1639

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండో నెలలో నేను సంఘం ముందు నిలబడ్డాను. పాపకు జ్వరం వచ్చి తగ్గింది, ఇంక ఆగలేకపోయాను. జేబులో నీ బూట్ల ఉత్తరం తప్ప ఏమీ లేదు. అదే తీసి చదివాను. "దున్నపోతువి" దగ్గర వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. చదివాక అన్నాను, "దేవుడు నన్ను ఎప్పుడు పిలిచాడో తెలుసనుకున్నాను. తెలియదు. పిలిచాడో లేదో కూడా తెలియదు." ఓల్డ్‌ఫీల్డ్ గారు, "మరి ఇక్కడికెందుకొచ్చావు?" అన్నారు. "ఇంకెక్కడికి పోవాలో తెలియక వచ్చానండీ" అన్నాను. తర్వాత చేతులు లేచాయి. అందరివీ! ఇంత నిజంగా చెప్పినవాణ్ణి ఈ మధ్య వినలేదని కాపరి అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చి సైలెన్స్ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను.

పాప మళ్ళీ దగ్గుతో పడుకోవడం వల్ల బాప్తిస్మం వాయిదా పడుతూ వచ్చి, చివరికి మొన్నటి విశ్రాంతి దినానికి ఖాయమైంది. దానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, ఓడొచ్చింది. నీ రెండో సాక్ష్యం వచ్చింది.

ఒకటికి పదిసార్లు చదివాను. ధరణి తడవడమేమిటి అక్కా? నువ్వు రాసిందేనా? సైలెన్స్ అంది, "పొయ్యిలో పెట్టు. ఎవరు చూశారు?" దేవుడు చూస్తాడన్నాను. "దేవుడికి చదువు వచ్చులే, మొదటిదే చదివి ఉంటాడు" అంది. కానీ ఇది దాచి పాపను ఎత్తుకుని ఎలా నిలబడను? నిజం చెప్పినందుకే కదా చేర్చుకున్నారు. తీసుకెళ్ళి ఓల్డ్‌ఫీల్డ్ గారి చేతిలో పెట్టాను.

"రెండూ మీ అక్క రాతేనా?"

"అవునండీ."

"ఒకే రోజు గురించేనా?"

"అవునండీ."

"ఒకే అక్కేనా?"

ఆయన ఆ కాగితం, ఈ కాగితం ముందు పెట్టుకుని గంటసేపు చూశారు. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం, అబద్ధం మీద బిడ్డకు నీళ్ళు చల్లలేమన్నారు. నా పేరు పక్కన పెట్టారు. బాప్తిస్మం ఆగిపోయింది.

ఏడు నెలల మాట బే నుంచి వచ్చిందని రాశావు. ఇక్కడ అలాంటి మాటే లేదు! ఎవరూ నన్ను వెలివెయ్యలేదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు అంతుచిక్కడం లేదు. పదో నెలంటే డిసెంబరని పోయినేడే రాశానే, ఆ ఉత్తరం అందలేదా?

ఏది నిజమో ఇద్దరు సాక్షుల ముందు రాసి పంపు. పాప ఎముకల గూడైపోయింది. ఓడ వెళ్ళి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నీకు తెలుసు. నిన్ను తిట్టే ఓపిక కూడా లేదు.

జాబెజ్


ఎల్మ్‌స్టోక్
ఆగస్టు 27, 1639

తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది తెచ్చిన ఓడ ఐర్లండు తీరంలో దెబ్బతిని నెలల తరబడి అక్కడే పడి ఉందట. తెలియక రెండోదే ముందు విప్పాను. తర్వాత పాతది చదివాను. పదో నెలంటే డిసెంబరన్న ముక్క దగ్గరికి రాగానే ఉత్తరం కింద పెట్టి నేరుగా థామసిన్ ఇంటికి వెళ్ళాను.

"నేను మా ఆయనకొక్కడికే చెప్పానే" అంది. ఆయన తమ్ముడికి చెప్పాడట. తమ్ముడి పెళ్ళాం పాలు పోసే ఇంట్లో చెప్పింది. అక్కడినుంచి అది సంతకెక్కి, సముద్రం అవతల నుంచి వచ్చిన వార్తై నా చెవిన పడింది. నేనన్న మాటే నాకు తిరిగొస్తే నమ్మేసి కూలబడ్డాను. ఇంత తెలివితక్కువది ఈ జిల్లాలో ఇంకొకతె ఉండదు.

ఇప్పుడు రాసేది మీ బావ, పక్కింటి ముసలి కటింగ్ గారు కూర్చుని ఉండగా రాస్తున్నాను. ఇద్దరూ కింద సంతకాలు పెడతారు. ఓల్డ్‌ఫీల్డ్ గారికి చూపించు.

మొదటి ఉత్తరంలో రాసింది నిజం. బూట్లు, నిద్ర, దున్నపోతు, అన్నీ నిజం. రెండో ఉత్తరం అబద్ధం. నా తమ్ముడు అడగలేదు, వాడికి తెలియదు. నాకు నేనే అల్లాను. అబద్ధమాడింది దమారిస్ గారడ్ అని మీ పుస్తకంలో రాసుకోండి. బిడ్డను మాత్రం ఆపకండి.

ఇంకొక్కటి ఉంది. ఇది రాయకుండా సంతకం పెడితే మొదటి ఉత్తరం కూడా సగమే అవుతుంది.

ఆ రోజు ప్రసంగం విని ఏడ్చినవాళ్ళు ఒకరున్నారు. నేను. ముసలాయన "తలుపు మూసేశారు" అన్నప్పుడు మొదలైంది, ఎందుకో తెలియదు, ఆగలేదు. నువ్వు నడవలేనంటే నిన్ను వీపునెక్కించుకున్నది నీ మీద జాలితో కాదురా, నా మొహం నీకు కనబడకూడదని. నీ చేతులు నా మెడ చుట్టూ, గడ్డం కింద ఉన్నాయి. తడిసినవి నీ చేతులే జాబెజ్. కన్నీళ్ళు మాత్రం నావి. "ఎందుకు ఏడుస్తున్నావక్కా?" అని అడిగావు. "నువ్వేరా ఏడుస్తోంది, బూట్లు కరిచి" అన్నాను. నువ్వు నమ్మావు. తర్వాత పెద్దవాడివై ఆ రోజు ఏడ్చానని చెప్పుకుంటుంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు. కాదంటే నాది బయటపెట్టాలి కదా. మొదటి ఉత్తరంలో ఎగతాళి చేసి తప్పించుకున్నదీ అందుకే.

ఎందుకు దాచానంటావేమో. మర్నాడు ఏమీ జరగలేదు. పాలు పితికాను, వెన్న తీశాను, థామసిన్‌తో గొడవపడ్డాను. పిలుపు అందినవాళ్ళు మారిపోతారంటారు. నేను ఎప్పటిలాగే ఉన్నాను. ఆ తలుపు మూసుకున్నది నా మొహం మీదేనేమో అనుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే అనుకుంటున్నాను. అక్కడికొస్తే నిలబెట్టి అడుగుతారన్నావు. ఇది ఎలా చెప్పను, ఎవరికి చెప్పను? అందుకే ఓడంటే ఊ అనలేదు. నిన్ను చూడడం ఇష్టం లేక కాదు. నిన్ను చూడకుండా నాకు ఒక్క రోజు బాగా గడిచిందనుకున్నావా?

మీ బావ ఇది వినడం ఇదే మొదటిసారి. సంతకం పెట్టాడు. పెట్టాక బయటికి వెళ్ళి చాలాసేపు కట్టెలు కొట్టాడు.

దమారిస్
సాక్షులు: నేథన్ గారడ్, శామ్యూల్ కటింగ్


న్యూ ఎల్మ్‌స్టోక్
తొమ్మిదో నెల 9, 1639

అక్కా,

ముందు పాప. పాప బాగుంది. దగ్గు తగ్గింది, నడుస్తోంది, నా ఉలి ఎత్తుకుని పరిగెడుతోంది. బాప్తిస్మం అయిపోయింది. నీ ఉత్తరం అందడానికి మూడు వారాల ముందే అయిపోయింది.

ఏడో నెలలో పాపకు ఊపిరి అందని రోజొకటి వచ్చింది. తెల్లారాక సైలెన్స్ పాపను నా చేతిలో పెట్టి, శాలువా కప్పుకుని బయల్దేరింది. "ఎక్కడికి?" అన్నాను. "సంఘంలో చేరడానికి. ఆ రోజు నువ్వు ఎందుకు ఏడ్చావో నువ్వూ మీ అక్కా తేల్చుకునేలోగా దీనికి పెళ్ళీడు వస్తుంది" అంది. ఇద్దరిలో ఒకరు చాలని నాకు తెలుసు. ఇంటి పెద్దను నేను కదా అనుకుంటూ కూర్చున్నాను. "ఇన్నాళ్ళూ నువ్వెందుకు వెళ్ళలేదు?" అన్నాను. "నన్నెవరైనా అడిగితే కదా!" అంది.

సంఘ పెద్ద రాసుకుని చదువుతానంటే వద్దని తనే నిలబడి చెప్పింది. "నాకు అలాంటి రోజేదీ లేదండీ. మా పిన్ని ఓడెక్కితే నేనూ ఎక్కాను. ఓడలో వాంతులయినప్పుడు దేవుణ్ణి తిట్టాను. తర్వాత సిగ్గేసింది. ఇప్పటికీ రోజూ ఆయనతో గొడవే. వంట చేస్తూ గొడవ, బట్టలు ఉతుకుతూ గొడవ. మళ్ళీ ఆయన దగ్గరికే పోతాను. పరాయివాళ్ళతో ఎవరైనా ఇంత గొడవ పడతారా?" ఇది మొదటి పది మాటలు మాత్రమే. గంటన్నర మాట్లాడింది. ఇంక చాలమ్మా అని చేతులెత్తారో, నిజంగా నమ్మి ఎత్తారో నాకు తెలియదు. ఆ విశ్రాంతి దినానే పాపకు నీళ్ళు చల్లారు. అన్ని మాటలు మాట్లాడిన మనిషి, నీళ్ళు పడగానే పాప కెవ్వుమంటే, నోట మాట రాక నిలబడిపోయింది.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చదివి కొట్టం తలుపు వేసుకున్నాను. చూపించాల్సిన అవసరం ఇంక లేదు. పాప పని అయిపోయింది. చూపిస్తే నీ పేరు చెడుతుంది. రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కానీ నువ్వు ఇద్దరు సాక్షుల ముందు కూర్చుని రాసింది నా జేబులో పెట్టుకోవడానికి కాదు కదా. తీసుకెళ్ళి ఇచ్చాను.

ఓల్డ్‌ఫీల్డ్ గారు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "జాబెజ్, ఇంతకీ సంఘంలో చేరాలన్నది నువ్వా, మీ అక్కా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది అక్కా. ఏడాది తర్వాత నవ్వాను. ఆయన నవ్వలేదు. "అబద్ధం రాసినందుకు ఆమె మా ముందు తప్పు ఒప్పుకోవాలి. అది అయ్యాక మిగతాది చెప్పాలి. రెండూ వినడానికి మాకు తీరిక ఉంది" అన్నారు. మర్నాడు ఏమీ జరగలేదన్న ముక్క ఆయన వేలుపెట్టి చూపించారు. "నాకు కూడా మర్నాడు ఏమీ జరగలేదు. ఆ రోజు ఆవుకు కాలు విరిగింది, అంతే" అన్నారు. ఇంకేమైనా చెప్తారేమోనని నిలబడ్డాను. తలుపు దాకా వచ్చి సాగనంపారు.

నా పేరు మళ్ళీ కలుపుతామన్నారు. నేనే వద్దన్నాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేటప్పుడు సైలెన్స్ లోపల ఉంటుంది, నేను లేచి బయటికొస్తాను. ఊళ్ళో నన్ను చూసి జాలిపడుతున్నారు. జాలిపడక్కర్లేదని నీకు చెప్తున్నాను. నాకు ఏదీ తెలియదు, నిజమే. దేవుడు నన్ను పిలుస్తాడో లేదో, ఇప్పటికే పిలిస్తే నాకు వినబడలేదో తెలియదు. ప్రార్థనకు కూర్చుంటే మాటలు దొరకవు. ఇదివరకు బోలెడు దొరికేవి, అన్నీ ఆ రోజు గురించే. ఇప్పుడు ఊరికే కూర్చుంటున్నాను. భయంగానే ఉంది. అయినా కూర్చోగలుగుతున్నాను.

నీ మీద కోపం లేదు. ఒక్కటే బాధ. పద్దెనిమిదేళ్ళ పిల్లవి, అంత పెద్ద ఏడుపు ఏడుస్తూ, నన్ను మోసుకుంటూ రెండు మైళ్ళు నడిచావు. అడిగినవాడు నేనొక్కణ్ణే. నాకూ అబద్ధం చెప్పాల్సి వచ్చింది నీకు.

వసంతం ఓడకు బావను తీసుకుని రా. ఇష్టముంటేనే అని రాయను, రా. ఆ రోజు ఏం జరిగిందో ఇక్కడ లేచి చెప్పాల్సింది నువ్వు. ఇరవై ఒక్క ఏళ్ళుగా నీ చోట నేను నిలబడ్డాను, తెలియక. ఇప్పుడు పక్కకు జరిగాను. ఆ చోటు ఖాళీగా ఉందక్కా.

జాబెజ్